వేడి తెలియని కారు

ఆ కారు పొద్దున్నే బాగుండేది. తాళం తిప్పగానే అందుకునేది. ఉరవకొండలో మా సందు దాటి పెద్దరోడ్డు ఎక్కేదాకా దానిలో ఏ లోపమూ కనబడేది కాదు. ఇంజను వేడెక్కినాకే దాని గుణం మారిపోయేది. ఎక్కడన్నా ఆపితే, యాక్సిలరేటరు మీంచి కాలు తీసినా రొద తగ్గేది కాదు. వెనక నుంచి నల్లటి పొగ వచ్చేది. లోపల కూర్చున్నవాళ్ళకు ముక్కు మండేంత పెట్రోలు వాసన. ఒకసారి ఆపేసి, ఇంజను వేడి మీదుండగా మళ్ళీ తిప్పితే ఎంతకీ అందుకునేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. నేను కణేకల్ వైపు ఒక పల్లెలో హైస్కూలు టీచర్ని. పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. బస్సు కోసం ఎండలో నిలబడి నిలబడి విసుగొచ్చి, అనంతపురంలో ఒక డాక్టరు వాడి అమ్ముతున్న చిన్న పెట్రోలు కారు కొన్నాను. నేను పెళ్ళి వద్దనుకున్నదాన్ని. ఆ విషయం మీద ఇంట్లో జరగాల్సిన మాటలన్నీ అప్పటికి జరిగిపోయి సద్దుమణిగినాయి. ఉరవకొండలో అద్దె ఇంట్లో నేను, అమ్మ, నాయన ఉండేవాళ్ళం.

నాయన జీవితమంతా లారీ తోలినాడు. ఉరవకొండ చుట్టుపక్కల చెనక్కాయల మూటలు ఎక్కించుకుని బళ్ళారి, హుబ్లీ, షోలాపూర్ దాకా పోయేవాడు. చక్కెర జబ్బు వచ్చి కంటిచూపు మసకబారినాక లారీ దిగేసినాడు. దిగినాక ఆయనకు పగలు గడవడం కష్టమైంది. అరుగు మీద కూర్చుని, రోడ్డున పోయే లారీల రొద విని ఏ లారీకి ఏం జబ్బో తనలో తాను చెప్పుకునేవాడు. కారు వచ్చినాక ఆయనకు ఒక పని దొరికింది. బీడు పడిన ఎర్రచేలో నాకు డ్రైవింగు నేర్పించింది ఆయనే. నేర్చుకున్నాక కూడా పక్క సీటు వదల్లేదు. సెలవురోజు ఎక్కడికి పోయినా నా ఎడమపక్క కూర్చుని, మసక కళ్ళతో ముందుకు చూస్తూ, "గేరు మార్చు పాపా, అడుగుతాండాది" అనేవాడు. బండికి ఏం కావాలో ఆయనకు కూర్చున్న చోటి నుంచే తెలిసేది.

అమ్మ మాత్రం ఆ కారు ఎక్కనని మొండికేసింది. మొదటిసారి ఎక్కించుకున్న రోజు పెన్నహోబిలం మలుపు దగ్గరే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత కాసేపటికే కారు ఆపమని చెప్పి, దిగి, వాంతి చేసుకుంది. నేను నీళ్ళిచ్చి వీపు నిమురుతుంటే అన్నది:

"ఇది ఉత్త పెట్రోలు వాసన కాదు పాపా. కిరసనాయిలు స్టవ్‌లో వత్తులు ఎక్కువ పైకి లేపితే మంట ఎర్రబారి పొగ కక్కుతాది సూడు. అట్లాంటి వాసన."

నాయన ఆ మాట విన్నాడు. తల ఊపినాడు.

ఉరవకొండ మెకానిక్కు ప్లగ్గులు విప్పి చూస్తే కాటుక పూసినట్టు నల్లగా ఉన్నాయి. రుద్ది, గాలి ఫిల్టరు మార్చి ఇచ్చినాడు. కొన్నాళ్ళు పర్వాలేదనిపించి మళ్ళీ మొదలైంది. అనంతపురంలో పెద్ద గ్యారేజీకి తీసుకుపోయినాము. వాళ్ళు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కడిగినారు. పెట్రోలులో కల్తీ ఉందేమో, బంకు మార్చి చూడమన్నారు. వేడెక్కినాకే ఇట్లా అవుతోందని నేను చెబితే, అక్కడి పెద్ద మెకానిక్కు ముందరి అద్దం కింద వేడి చూపించే ముల్లు చూపించినాడు. "సరిగ్గా మధ్యలో నిలబడింది కదా మేడం. వేడి సమస్య అయితే ముల్లు పైకి పోతుంది. బల్బు వెలుగుతుంది. ఇది వేరే ఏదో." అతను చెప్పింది సబబుగానే అనిపించింది. బంకు మార్చి చూసినాము. ఏ తేడా లేదు.

గ్యారేజీ నుంచి నేనూ నాయనా తిరిగొస్తున్నాము. కూడేరు దాటినాక ఆయన అన్నాడు: "మా కాలంలో మూత లేపితే ఇంజను కనబడేది. ఇప్పుడు మూత కింద ఇంకో మూత ఉండాది. వైర్లు, డబ్బాలు. చేత్తో పట్టుకోను ఏమీ లేదు."

ఆయన గొంతులో బండి మీద కోపం లేదు. తనకు తెలిసిన లోకం తన చెయ్యి దాటిపోయినందుకు బాధ ఉంది. నేను గేరు మార్చినాను.

ఆ ఎండాకాలంలోనే ముదిగుబ్బలో మా చిన్నమ్మకు ఆపరేషన్ అయింది. చెల్లెలిని చూడాలని అమ్మ కొట్టుకులాడుతోంది. బస్సులు మారి అంతదూరం పోయే ఓపిక ఆమెకు లేదు. చివరికి చేతిలో నిమ్మకాయ పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, కారులోనే వస్తానన్నది. అనంతపురం దాటి కొంతదూరం పోయినాక రోడ్డు పక్కన టీ కోసం ఆపినాము. టీ తాగి వచ్చి తాళం తిప్పితే ఇంజను తిరుగుతోంది కానీ అందుకోలేదు. మళ్ళీ తిప్పినాను. వాసన గుప్పుమంది. నాయన చెయ్యి అడ్డం పెట్టినాడు.

"ఇంక తిప్పొద్దు. పెట్రోలు నిండిపోయి ప్లగ్గులు తడిసుంటాయి. కాసేపు ఆరనీ."

మిట్టమధ్యాహ్నం. టీ బంకు వెనక చింతచెట్టు ఉంటే దాని కింద కూర్చున్నాము. ఎదురుగా వాన లేక దున్నకుండా వదిలేసిన చేలు. దూరంగా గొర్రెలమంద ఒకటి కదిలీ కదలనట్టు పోతోంది. అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని నిమ్మకాయ వాసన చూస్తోంది. నాయన తల వంచుకుని అన్నాడు:

"నిన్ను ఈ ఎండలో తెచ్చి కూసోబెట్టినా."

"కూసోబెట్టినావులే," అన్నది అమ్మ. "పెళ్ళయి ఇంత కాలమైనా, నీతో రోడ్డు పక్కన ఇట్ల కూసోనుండేది ఇదే మొదలు."

నాయన ఆమె వైపు తిరిగినాడు. అమ్మ మాట్లాడుతూ పోయింది. ఆమె అంతసేపు మాట్లాడడం నేను తక్కువే విన్నాను.

"నువ్వు వస్తానే ఊర్ల పేర్లు చెప్పేవాడివి. హుబ్లీలో వాన, షోలాపూర్‌లో దుప్పట్లు, యాడనో ఘాట్‌లో లారీ బోల్తా పడింది, అని. నేను రొట్టెలు కాలుస్తా వినేదాన్ని. ఆ ఊర్లన్నీ పొయ్యి ముందర కూసోనే తిరిగినా."

"అడిగింటే తీసుకుపోయేవాన్ని కదా."

"లారీలోనా? పాపను ఎవరికిచ్చి పోదును?"

నాయన, "ఇప్పుడు ఏ ఊరు సూడాలని ఉండాది, చెప్పు," అన్నాడు.

అమ్మ నవ్వింది. "ఊరు కాదు. మా కణేకల్ కాలవకు నీళ్ళొచ్చేవి. నీళ్ళు వదిలిన రోజు పిల్లోళ్ళమంతా కాలవ గట్టు మీదికి ఉరికేవాళ్ళం. ముందర ఎండిన ఆకులు, చెత్త వచ్చేవి. వాటి ఎనకాల నీళ్ళు. యాడనుంచి వస్తాండాయి నాయనా అని మా నాయనను అడిగితే, యాడనో పెద్ద కట్ట ఉండాది, అంత పెద్ద కట్టను నేనూ సూడలేదు అనేవాడు. ఆ కట్ట ఒకసారి సూడాలని ఉండేది. అంతే."

"తుంగభద్ర కట్ట," అన్నాడు నాయన. "హొస్పేట మీద పోయినప్పుడల్లా సూసేవాన్ని."

"తెలుసు."

ఆమె ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అన్నది. నాయన మాత్రం లేచి నిలబడి, తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని, కారు దగ్గరికి నడిచినాడు. నన్ను పిలిచి, యాక్సిలరేటరు అడుగుదాకా తొక్కిపట్టి, కాలు తీయకుండా తాళం తిప్పమన్నాడు. తిప్పినాను. చాలాసేపు దగ్గినట్టు దగ్గి, ఇంత పొగ కక్కి, అందుకుంది. మేము ముదిగుబ్బ చేరినాము. అక్కచెల్లెళ్ళు ఇద్దరూ సాయంత్రం దాకా చేతులు పట్టుకుని కూర్చున్నారు.

ఇంటికొచ్చిన మర్నాటి నుంచి నాయన ఆ కారును వదిలిపెట్టలేదు. నేను బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని, డాక్టరు రోగి గురించి మాట్లాడినట్టు మొదలుపెట్టేవాడు.

"పొద్దున బాగుండాది. వేడెక్కితే చెడుతాండాది. పొగ నలుపు, ప్లగ్గులు నలుపు. నిలబడి ఉన్నా ఊరికే పరిగెడతాండాది. మీ అమ్మ చెప్పినట్టు వత్తి ఎక్కువ లేపిన స్టవ్ లాగుండాది. లారీ ఎక్కకముందు ఒక పెట్రోలు జీపు తోలినా. దానికి చోకు ఉండేది. పొద్దున చలికి లాగితే పెట్రోలు ఎక్కువ పోయి బండి అందుకుంటాది. వేడెక్కినాక లోపలికి తొయ్యాల. తొయ్యడం మరిచిపోతే అచ్చం ఇదే కథ."

"దీనికి చోకు లేదు నాయనా. ఇంజను చల్లగా ఉంటే లోపలుండే కంప్యూటరే పెట్రోలు ఎక్కువ వదులుతుంది. వేడెక్కితే తగ్గిస్తుంది."

"అవునా. అయితే ఇంజను వేడెక్కిందని దానికి ఎవరు చెప్తారు?"

ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదు, గ్యారేజీలో ఎవరూ వేయలేదు. వేడికి విద్యుత్ నిరోధం తగ్గిపోయే పదార్థాలు కొన్ని ఉన్నాయని ప్రతి ఏడూ పిల్లలకు బోర్డు మీద గీత గీసి చెబుతున్నదాన్నే. అట్లాంటి ముక్క ఒకటి ఇంజను నీళ్ళలో తల ముంచుకుని, వేడి ఎంతుందో కంప్యూటరుకు చెబుతూ ఉండాలి. అది నోరు మూసుకుంటే? నాయనకు ఆ మాటే చెప్పినాను.

"మరి ముల్లు సరిగానే చూపిస్తాండాది కదా," అన్నాడు నాయన.

ఇద్దరం పోయి బానెట్ లేపినాము. రేడియేటరు నుంచి వచ్చే లావు గొట్టం ఇంజనును తగిలే చోట నాయన వేళ్ళతో తడిమినాడు. అక్కడ ఒకటి కాదు, రెండు ఇత్తడి ముక్కలు బిగించి ఉన్నాయి. ఒకదానికి ఒకటే వైరు. రెండోదానికి రెండు వైర్లు. ఇంజను నడుస్తుండగా నేను ఒంటి వైరు పీకినాను. లోపల ముల్లు కిందికి పడిపోయింది. తిరిగి పెడితే లేచింది.

"అంటే ఇది మనకు చెప్పేది," అన్నాను. "రెండు వైర్లది కంప్యూటరుకు చెప్పేది. మనకు చెప్పేది నిజమే చెబుతోంది. రెండోది ఏం చెబుతోందో ఎవరూ చూడలేదు."

నాయన ముఖం వెలిగింది. అంత చిన్న ముక్క మీద చెయ్యి పెట్టుకుని, ఎన్నాళ్ళకో దొరికిన మనిషిని పట్టుకున్నట్టు నిలబడినాడు.

ఆదివారం పొద్దున, ఇంజను చల్లగా ఉన్నప్పుడు దాన్ని విప్పినాము. ఆయనకు సరిగ్గా కనబడదు కాబట్టి పానా పట్టించింది నేను, తిప్పింది ఆయన. ముక్క ఊడిరాగానే నీళ్ళు కారకుండా ఆ రంధ్రానికి గుడ్డ చుట్టిన పుల్ల దోపినాడు. బయటికొచ్చిన రెండు వైర్ల సెన్సరు కొనకు తెల్లగా పెచ్చు కట్టి ఉంది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఇది మన నీళ్ళ సున్నమే కదా. నా నీళ్ళ గిన్నెకూ ఇట్లనే పడతాది."

రేడియేటరులో నీళ్ళు తగ్గినప్పుడల్లా నాయన బోరు నీళ్ళు పోసేవాడు. లారీకి అట్లనే పోసినాడు, దీనికీ అట్లనే పోసినాడు. "నేను పోసినవే," అన్నాడు నెమ్మదిగా.

"నువ్వు పోసినందుకు కాదులే. మన భూమిలో నీళ్ళే అట్లాంటివి. మన పండ్లు సూసుకో, వాటినే వదల్లేదు," అన్నది అమ్మ. నాయనకు నవ్వు వచ్చింది.

పెచ్చు గీకి మళ్ళీ బిగించి చూసినాము. మార్పు లేదు. తప్పు పైపెచ్చుది కాదు, లోపలిదే అయ్యుండాలి. అనుమానం తీరాలంటే దాన్ని మళ్ళీ విప్పి వేడి నీళ్ళలో పెట్టి చూడాలని నేనన్నాను. బడి ల్యాబు నుంచి మల్టీమీటరు తెచ్చినాను. థర్మామీటరు కూడా తెద్దామనుకుంటే, ఉన్నవాటిలో పాదరసం ముక్కలైపోయి ఉంది.

"అది లేకుంటే ఏమి," అన్నది అమ్మ. "నీళ్ళు ఎంత కాగినాయో నాకు తెలీదా?"

వంట గిన్నె మాత్రం ఇవ్వనన్నది. బట్టలకు సోడా నీళ్ళు కాచే పాత సత్తు గిన్నె ఇచ్చింది. గ్యాస్ స్టవ్ మీద పెట్టి, సెన్సరు అడుగుకు తగలకుండా ఒక కట్టెపుల్లకు దారంతో వేలాడదీసినాము. నాయన పుల్ల పట్టుకున్నాడు. నేను సెన్సరు రెండు మొనలకు మీటరు వైర్లు తగిలించి, నిరోధం చూపించే అంకె చూస్తున్నాను. అమ్మ నీళ్ళలో వేలు ముంచి చెబుతోంది.

"చన్నీళ్ళే ఇంకా... ఇప్పుడు గోరువెచ్చన."

అంకె తగ్గింది. నాయనకు చెప్పినాను.

"తలకు పోసుకునేంత అయినాయి."

అంకె కొంచెం కదిలి, ఆగిపోయింది.

"ఇంక వేలు పెట్టలేను."

అంకె అక్కడే ఉంది.

"మసలతాండాయి."

ఆవిరి నాయన ముఖానికి కొడుతోంది. అంకె మాత్రం కదల్లేదు. నీళ్ళు కుతకుతమంటుంటే, ఆ ముక్క ఇంకా స్నానం నీళ్ళలో ఉన్నట్టే చెబుతోంది. నాయన పుల్ల పైకెత్తి, దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసినాడు.

"పాపం, దీనికి వేడి తెలీడం లేదు," అన్నాడు.

ఆయన ఒక్కసారితో నమ్మే మనిషి కాదు. నేను బస్సులో అనంతపురం పోయి కొత్తది తెచ్చినాక, దాన్నీ అదే గిన్నెలో వేలాడదీయమన్నాడు. అమ్మ మళ్ళీ వేలు పెట్టింది. ఆమె చెప్పే ఒక్కో మాటకూ అంకె ఒక్కో మెట్టు దిగుతూ వచ్చింది. వేలు పెట్టలేనన్నప్పుడు బాగా పడిపోయింది, మసలుతున్నాయన్నప్పుడు ఇంకా. నాయన ఇంకోసారి చల్లార్చి కాచమన్నాడు. అమ్మ విసుక్కోకుండా నీళ్ళు మార్చింది. వాళ్ళిద్దరూ ఒక పొయ్యి ముందు అంతసేపు పక్కపక్కన నిలబడగా నేను అంతకుముందు చూడలేదు. లారీ రోజుల్లో నాయన పొయ్యి దగ్గరికి వచ్చేవాడు కాదు, గడప దగ్గర కూర్చునే ఊర్ల కబుర్లు చెప్పేవాడు.

పాత నీళ్ళన్నీ వదిలేసి, ఈసారి బోరు నీళ్ళు కాకుండా షాపులో ఇచ్చిన కూలెంటు పోసి, కొత్త సెన్సరు బిగించినాము. స్టార్టు చేసి వదిలినాము. మొదట రొద ఎక్కువగానే ఉంది. నాయన బానెట్ అంచు మీద చెయ్యి వేసి నిలబడినాడు. ముల్లు నెమ్మదిగా మధ్యకు వచ్చింది. అప్పుడు, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, ఇంజను తనంతట తాను నెమ్మదించింది. గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళ మాదిరి సన్నగా తిరుగుతోంది.

"దిగింది," అన్నాడు నాయన. చెయ్యి తీయలేదు.

అమ్మ కారు వెనక్కి పోయి, కొంచెం వంగి గాలి పీల్చింది. ఇద్దరం ఆమె ముఖమే చూస్తున్నాము. "ఇప్పుడు మంట నీలంగా ఉండాది," అన్నది.

ఆపి, వేడి మీదనే మళ్ళీ తిప్పినాను. వెంటనే అందుకుంది. నాయన నన్ను ఏమీ మెచ్చుకోలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, గ్రీజు అంటుతుందని గుర్తొచ్చి తీసేసుకున్నాడు.

తర్వాతి వారం అనంతపురం గ్యారేజీ మెకానిక్కుకు సంగతి చెబితే ఆయన అన్నీ అడిగి తెలుసుకుని, పాత సెన్సరు తన దగ్గర ఉంచుకోవచ్చా అన్నాడు. ఇచ్చేసినాను.

వానాకాలం వచ్చింది. మా వైపు చినుకులు పడీ పడక మబ్బులు పోతున్నాయి కానీ, పైన మలెనాడు కొండల్లో వానలు బాగా పడి తుంగభద్ర నిండిందని, గేట్లు ఎత్తినారని పేపర్లో వచ్చింది. నేను పేపరు చదివి వినిపించగానే నాయన, "ఆదివారం పోదాం," అన్నాడు. అమ్మ తనను కాదన్నట్టు లోపలికి పోయింది. శనివారం సాయంత్రం చూస్తే చిత్రాన్నానికి నిమ్మకాయలు కోసి పెట్టుకుంది.

ఆ రోజు నాయన ముందు సీటు అమ్మకిచ్చి తాను వెనక కూర్చున్నాడు. నేను డ్రైవింగు నేర్చుకున్నప్పటి నుంచి ఆయన నా పక్కన లేకుండా నేను కారులో దూరం పోవడం అదే మొదటిసారి. దారంతా వెనక నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఎడమకు చెరువు వస్తాది, ఇప్పుడు ఇసుక లారీలు ఆగే చోటు, ఈడ రొట్టెలు బాగుంటాయి. కళ్ళకు కనబడకున్నా రోడ్డు ఒంపులు ఆయన ఒంటికి గుర్తున్నాయి. అమ్మ కొంగు ముక్కుకు పెట్టుకోలేదు. కిటికీ దించుకుని, ఆయన చెప్పినవి చెప్పినట్టు వస్తున్నాయా లేదా అని చూసుకుంటూ పోయింది. బళ్ళారి దాటినాక ఒకచోట, "చెరువు అంటివే, ఈడ ఇండ్లుండాయి," అన్నది. నాయన ఒప్పుకున్నాడు. పూడ్చేసింటారులే అన్నాడు.

కట్ట మీదికి ఎక్కేటప్పటికి ఎండ లేదు, మబ్బుగా ఉంది. గేట్ల నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడుకు ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు. నీటి తుంపర మొహాన పడుతోంది. అమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. నాయన ఆమె పక్కకు చేరి, చెవి దగ్గర గట్టిగా అడిగినాడు.

"నాకు తెల్లగా ఏదో కదలతాండేదే తెలుస్తాండాది. ఎట్లుండాదో చెప్పు."

అమ్మ చెప్పింది. పాలు పొంగినట్టు కాదు, ఇంకా పెద్దది అన్నది. అవతలి గట్టు కనబడడం లేదన్నది. పక్షులు ఉన్నాయన్నది, నల్లవి, పడే నీళ్ళకు ఎదురుగా ఎగురుతున్నాయన్నది. అక్కడ నిలబడిన కాపలా మనిషిని కణేకల్ కాలవ ఎటు పోతుందని అడిగి, అతను చెయ్యి చూపిన వైపు నాయన భుజాలు పట్టుకుని తిప్పింది. "అటు. అటు నుంచి మా ఊరికి పోతాండాది," అన్నది. నాయన అటే చూస్తూ నిలబడినాడు.

తెచ్చుకున్న చిత్రాన్నం కట్ట కింద తోటలో కూర్చుని తిన్నాము. అమ్మ ఒక సీసాలో నీళ్ళు పట్టుకోవాలా వద్దా అని ఆలోచించి, వద్దులే, ఎట్లాగూ మన కాలవకు వస్తాయి కదా అన్నది.

తిరిగొచ్చేటప్పుడు అమ్మ ముందు సీట్లోనే కూర్చుంది. బళ్ళారి రాకముందే నిద్రపోయింది. రోడ్డు గతుకులకు ఆమె తల కిటికీ అద్దానికి తగులుతోంది. ఆ చప్పుడు నాయనకు వినిపించినట్టుంది. వెనక సీటు నుంచి ముందుకు వంగి, భుజం మీది తువ్వాలు మడిచి, ఆమె తలకూ అద్దానికీ మధ్య మెల్లగా దూర్చినాడు. చెయ్యి వెనక్కి తీసుకోకుండా అట్లనే పట్టుకుని కూర్చున్నాడు.

"నిదానంగా పో పాపా," అన్నాడు.

నేను గేరు తగ్గించి, రోడ్డు ఎడమ అంచుకు వచ్చి, మెల్లగా తోలినాను.